చిన్న పడవలో దూర ప్రయాణం, మంచినీళ్ల నిల్వ: తరచుగా అడిగే ప్రశ్నలు

పది మీటర్ల లోపు తెరచాప పడవ, ఇద్దరో ముగ్గురో మనుషులు, వారం నుంచి మూడు వారాల దాకా నేల తగలని ప్రయాణం. ఈ లెక్కలో బయల్దేరేవాళ్లు నీళ్ల గురించి అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పడవలో ఎన్ని నీళ్లున్నాయనే దానికన్నా అవి ఎన్ని చోట్ల విడివిడిగా ఉన్నాయన్నదే ముఖ్యం, ఇవాళ ఎన్ని మిగిలాయో మీకు కచ్చితంగా తెలియడం ఇంకా ముఖ్యం. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ఒక మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు అనుకోవాలి?

తాగడానికి, వంటకు కలిపి 4 లీటర్లు వేసుకోండి. ఇందులో రెండున్నర, మూడు లీటర్లు తాగడానికే పోతాయి. స్నానం, గిన్నెలు, బట్టలు ఈ లెక్కలో లేవు, వాటికి సముద్రపు నీళ్లే. రోజుకు 2 లీటర్లతో సరిపెట్టుకోవచ్చని కొందరు అంటారు కానీ అది ఇబ్బందుల్లో గట్టెక్కడానికి పనికొచ్చే లెక్క, దాన్ని పట్టుకుని ప్రయాణం ప్లాన్ చేయకండి. ఎండలో చుక్కాని దగ్గర నాలుగు గంటలు కూర్చున్న మనిషికి, తాళ్లు లాగి చెమటోడ్చిన మనిషికి దాహం వేరేగా ఉంటుంది. సముద్రం పడక వాంతులు చేసుకునేవాళ్లకు మొదటి రెండు మూడు రోజులు ఇంకా ఎక్కువ కావాలి.

మీ అసలు వాడకం తెలియాలంటే, బయల్దేరే ముందు లంగరు వేసి రెండు మూడు రోజులు పడవలోనే ఉండండి. ఆ రోజుల్లో కుళాయి ముట్టుకోకుండా, కొలిచి పెట్టుకున్న క్యాన్ల నుంచే వాడండి. పళ్లు తోముకోవడానికి, చేతులు కడుక్కోవడానికి ఎంత పోతోందో చూస్తే చాలామందికి ఆశ్చర్యమేస్తుంది.

మొత్తం ఎంత తీసుకెళ్లాలి?

రోజులు, మనుషులు, 4 లీటర్లు. ఈ మూడూ హెచ్చవేసి, వచ్చినదానికి సగం కలపండి. ముగ్గురు, 14 రోజులు అంటే 168 లీటర్లు, దానికి 84 కలిపితే 252.

రోజుల లెక్క మంచి గాలి ఉంటుందని వేసుకోవద్దు. సగటున 4 నాట్లతో, అంటే గంటకు 4 నాటికల్ మైళ్లతో నడిచే పడవ రోజుకు దాదాపు 96 నాటికల్ మైళ్లు వెళ్తుంది, కానీ గాలి పడిపోయిన రోజు 30 కూడా దాటకపోవచ్చు. తెరచాప కొయ్య విరిగితే, చుక్కాని పోతే ఇక చెప్పక్కర్లేదు. ఆ అదనపు సగం ఇలాంటి రోజుల కోసమే, దాన్ని చూసుకుని "ఎలాగూ ఎక్కువే ఉన్నాయి కదా" అని తల స్నానం చేయడానికి కాదు.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. మీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా పెద్ద ట్యాంకు మొదటి రోజే పూర్తిగా పోయిందనుకోండి. మిగిలినవాటితో అందరూ ఒడ్డు చేరగలరా? చేరలేరంటే నీళ్లు సరిపోలేదనే అర్థం, మొత్తం లెక్క ఎంత ఘనంగా ఉన్నా సరే.

250 లీటర్లంటే 250 కిలోలు. చిన్న పడవ మోస్తుందా?

మోస్తుంది, కానీ ఎక్కడ పెట్టారన్నది చూసుకోవాలి. బరువు వీలైనంత కిందికి, వీలైనంత పడవ నడిమికి ఉండాలి. ముందు మూలలో ఖాళీ ఉంది కదా అని క్యాన్లన్నీ అక్కడ పేరిస్తే ముక్కు ప్రతి అలలోకీ దూసుకుపోతుంది, డెక్ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వెనక పెడితే పడవ వెనక్కి కూర్చుని నడక మందగిస్తుంది. డెక్ మీద, రెయిలింగ్‌కు వరుసగా కట్టిన క్యాన్లు చాలా పడవల్లో కనిపిస్తాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. బరువు పైకి చేరి ఒరుగు ఎక్కువవుతుంది, పెద్ద అల వస్తే ముందు పోయేవి అవే, పోతూ పోతూ రెయిలింగ్ స్తంభాన్ని కూడా వంచేస్తాయి.

సగం నిండిన ట్యాంకుతో ఇంకో ఇబ్బంది ఉంది. పడవ ఒరిగిన వైపుకే నీళ్లు పరుగెత్తి ఒరుగును ఇంకా పెంచుతాయి. అందుకే ట్యాంకు లోపల అడ్డుపలకలుండాలి, నీళ్లు తోసుకుపోకుండా అవి ఆపుతాయి. రెండు ట్యాంకులుంటే రెండిటినీ సగం సగం ఉంచకుండా ఒకటి ఖాళీ చేశాకే రెండోది తెరవండి. చెరో పక్కన ఉన్న ట్యాంకులైతే మాత్రం పడవ ఒక పక్కకు వాలకుండా గమనించుకుంటూ వాడాలి.

ట్యాంకు మంచిదా, క్యాన్లు మంచివా?

రెండూ కావాలి. నీళ్ల నిల్వలో జరిగే ప్రమాదాల్లో చాలావరకు "ఒకే ట్యాంకు"తోనే మొదలవుతాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ట్యాంకులో నీళ్లు పోయే దారులు చూడండి. అతుకు దగ్గర చీలుతుంది. పైపు క్లిప్పు వదులవుతుంది. డెక్ మీద నీళ్లు పోసే మూతకు ఉండే రబ్బరు రింగు అరిగిపోయి, డెక్ తడిసినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఉప్పునీళ్లు లోపలికి దిగుతాయి. గాలి గొట్టం తప్పుచోట ఉంటే పడవ బాగా ఒరిగినప్పుడు దాన్లోంచి సముద్రం వచ్చేస్తుంది. నింపేటప్పుడు ఎవరో పొరపాటున డీజిల్ మూత తీసి అందులో నీళ్లు పోస్తారు, లేదా నీళ్ల ట్యాంకులో డీజిల్. ఇంజిన్ వేడితో నీళ్లు కాచే బాయిలర్ ఉన్న పడవల్లో లోపలి కాయిల్‌కు చిల్లి పడితే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ నీళ్లలో కలుస్తుంది, అది విషం. వీటిల్లో ఏది జరిగినా ఆ ట్యాంకు మొత్తం పోయినట్టే, 200 లీటర్ల ట్యాంకైతే 200 లీటర్లూ పోయినట్టే.

అదే 200 లీటర్లు ఒక 100 లీటర్ల ట్యాంకులో, పది క్యాన్లలో ఉంటే ఒక క్యాన్ పగిలినా పోయేది 10 లీటర్లు. పైగా క్యాన్లను బయటికి తీసి చూడొచ్చు, వాసన చూడొచ్చు, చిన్న తెప్ప మీద ఒడ్డుకు తీసుకెళ్లి నింపుకు రావచ్చు. ట్యాంకు సౌకర్యం ట్యాంకుదే, రోజువారీ వాడకానికి దాన్ని మించింది లేదు. కనీసం మూడో వంతు నీళ్లు మాత్రం ఏ పైపుకీ కలవని క్యాన్లలో ఉండాలి, ఇందులో నేను రాజీపడను.

రెండు ట్యాంకులుంటే వాటి మధ్య వాల్వు ఎప్పుడూ మూసే ఉంచండి. తెరిచి ఉంచితే అవి పేరుకే రెండు.

ట్యాంకు దేంతో చేసింది కొనాలి?

మందపాటి ఫుడ్ గ్రేడ్ పాలిథిలీన్ ట్యాంకు చిన్న పడవకు అన్నివిధాలా సరిపోతుంది. తుప్పు లేదు, క్లోరిన్‌తో గొడవ లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ చూడ్డానికి బాగుంటుంది కానీ వెల్డింగ్ అతుకుల దగ్గర క్లోరిన్ తినేస్తుంది, 316 గ్రేడ్ కూడా పూర్తిగా తప్పించుకోలేదు. అల్యూమినియం ఇంకా సున్నితం. పడవ గుల్లలోనే ఫైబర్‌గ్లాస్‌తో కట్టేసిన ట్యాంకులు సరిగ్గా ఆరకపోతే నీళ్లకు రెసిన్ వాసన అంటుతుంది. మెత్తటి సంచి ట్యాంకులు వంకరటింకర మూలల్లో బాగా ఇముడుతాయి, కానీ పడవ ఊగినప్పుడల్లా గోడకు రాసుకుంటూనే ఉంటాయి. కింద, పక్కల మందపాటి మెత్త పరచకుండా పెడితే ఎప్పుడో ఒకప్పుడు చిల్లి ఖాయం.

ఏది కొన్నా చేయి పట్టేంత మూత ఉందో లేదో చూడండి. లోపల చేయి పెట్టి తోమలేని ట్యాంకును శుభ్రం చేయడం కష్టం.

క్యాన్లు ఎంత సైజువి, ఎలాంటివి?

10 లీటర్లవి. 20 లీటర్ల క్యాన్‌ను రేవులో ఎవరైనా ఎత్తుతారు, ఊగే పడవలో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో 20 కిలోలు ఎత్తి ఒంపడం వేరే సంగతి. నడుము పట్టేస్తుంది, సగం నీళ్లు కింద పోతాయి. ఒంపేటప్పుడు గుడగుడమని ఎగిరిపడకుండా గాలి రంధ్రం ఉన్న మూత తీసుకోండి, లేకపోతే చిన్న గొట్టంతో సైఫన్ పెట్టండి.

రంగు ముదురుగా ఉండాలి, వెలుతురు తగిలితే లోపల నాచు పడుతుంది. పలుచటి పాల డబ్బాల్లాంటివి వద్దు, కొన్నాళ్లకు వాటంతట అవే కారతాయి. ఇంతకుముందు వేరే ఏదైనా రసాయనం పోసిన డబ్బా ఎంత కడిగినా నీళ్లకు పనికిరాదు. పెట్రోలు, డీజిల్ ఉన్న అరలో నీళ్ల క్యాన్లు పెట్టొద్దు, మూతలు ఎంత గట్టిగా ఉన్నా ఆ ఆవిరి ప్లాస్టిక్ గోడలోంచే లోపలికి చేరుతుంది.

ప్రతి క్యాన్‌లో పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. మంచినీళ్లు ఉప్పునీళ్లకన్నా తేలిక కాబట్టి ఆ కాస్త గాలితో నిండు క్యాన్ కూడా సముద్రంలో తేలుతుంది. పడవ వదిలి దిగాల్సిన పరిస్థితే వస్తే తాడు కట్టి బయటికి విసిరేయొచ్చు.

మిగతా సందుల్లో మామూలు లీటరు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు దూర్చండి. పడకల కింద, పలకల వెనక, ఇంకేదీ పట్టని చోట అవి పడతాయి.

నింపేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందు కుళాయి రెండు నిమిషాలు వదిలేసి, ఒక గ్లాసు పట్టి రుచి చూడండి. రేవులోని పైపు వాడకుండా సొంత ఫుడ్ గ్రేడ్ పైపు పెట్టుకోండి, రెండు కొసలూ కలిపి మూసి దాచుకోండి. ఆ రేవు పైపును అంతకుముందు ఎవరు దేనికి వాడారో మనకు తెలియదు.

పాత నీళ్లున్న ట్యాంకులో కొత్త చోటి నీళ్లు కలపకండి. అనుమానముంటే కొత్తవి ఒక ట్యాంకులోకే తీసుకుని, ఒకట్రెండు రోజులు వాడి చూశాక మిగతావి నింపండి. నీళ్ల మూతకూ డీజిల్ మూతకూ రంగులు వేరేగా వేయండి, నింపుతున్నంతసేపూ ఒక మనిషి అక్కడే ఉండాలి.

నీళ్లు పాడవకుండా ఏం కలపాలి?

ఊరి సరఫరాలో క్లోరిన్ వేసిన నీళ్లు శుభ్రమైన ట్యాంకులోకి పట్టుకుంటే మామూలుగా ఏమీ కలపక్కర్లేదు. అనుమానమున్న నీళ్లకు వాసన, రంగు, సబ్బు కలపని మామూలు ద్రవ బ్లీచ్ చాలు. 5 నుంచి 9 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్నదైతే లీటరుకు 2 చుక్కలు, నీళ్లు మసకగా ఉంటే ముందు బట్టతో వడకట్టి 4 చుక్కలు. 100 లీటర్లకు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు. బాగా కలిపి 30 నిమిషాలు ఆగాలి. తర్వాత సన్నగా క్లోరిన్ వాసన తగలాలి, అసలు తగలకపోతే అంతే మోతాదు మళ్లీ వేసి ఇంకాసేపు ఆగండి.

బ్లీచ్ నిల్వ ఉన్నకొద్దీ బలం తగ్గుతుంది, ఎండలో పెడితే ఇంకా త్వరగా. కాబట్టి ప్రతి పెద్ద ప్రయాణానికీ కొత్త సీసా కొనండి. డీజిల్, పురుగుమందు, భార లోహాలు లాంటివి కలిసిన నీళ్లను బ్లీచ్ గానీ మరిగించడం గానీ బాగుచేయలేవు. వాటిని పారబోయడమే.

ట్యాంకులోంచి కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. ఏం చేయాలి?

కదలకుండా నిల్వ ఉన్న నీళ్లలో గాలి అందని చోట పెరిగే బ్యాక్టీరియాతో వచ్చే వాసన అది. ట్యాంకు ఖాళీ చేసి, చేయి పట్టినంతవరకు తోమి, కడిగి మళ్లీ నింపండి. 5 శాతం బ్లీచ్ అయితే లీటరుకు 1 మిల్లీలీటరు చొప్పున పోయండి, అంటే 100 లీటర్ల ట్యాంకుకు 100 మిల్లీలీటర్లు. తర్వాత ప్రతి కుళాయీ తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదలండి, లేకపోతే ట్యాంకు శుభ్రమై పైపులు అలాగే ఉండిపోతాయి. నాలుగైదు గంటలు ఉంచి మొత్తం పారబోసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. లోహపు ట్యాంకైతే అంతకన్నా ఎక్కువసేపు ఉంచొద్దు. ఈ పనికి ముందు కార్బన్ ఫిల్టర్ తీసి పక్కన పెట్టండి.

ఒక జాగ్రత్త: బ్లీచ్‌లో వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, పడవ క్యాబిన్ లాంటి ఇరుకు చోట అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఫిల్టర్ పెట్టాలా?

పెడితే కుళాయి దగ్గర పెట్టండి, తాగే ముందు క్లోరిన్ రుచి పోతుంది. నింపే పైపుకు మట్టి, తుప్పు ఆపే ఫిల్టర్ పెట్టొచ్చు గానీ కార్బన్ ఫిల్టర్ వద్దు. నీళ్లను కాపాడే క్లోరిన్‌ను ట్యాంకులోకి వెళ్లకముందే అది తీసేస్తుంది. వాడకుండా వారాల తరబడి వదిలేసిన కార్బన్ గొట్టంలోనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అలాంటిది మార్చేయండి.

కరెంటు పంపు పెట్టుకోవచ్చా?

దూర ప్రయాణంలో వద్దనే అంటాను. కుళాయి తిప్పగానే ధారగా వస్తే చేయి ఆగదు, ఎంత జాగ్రత్తపరులైనా వాడకం పెరుగుతుంది. కాలితో తొక్కే పంపైతే తొక్కినంతే వస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, బ్యాటరీ పోయినా నీళ్లు ఆగవు.

ఇప్పటికే కరెంటు పంపు ఉంటే దాని స్విచ్ వాడేటప్పుడే వేయండి. ఎక్కడో ఒక అతుకు కారితే పైపులో ఒత్తిడి తగ్గిందని పంపు తనంతట తానే నడిచి, ట్యాంకును తెల్లారేసరికి బిల్జ్‌లోకి, అంటే పడవ అట్టడుగున నీళ్లు చేరే చోటికి తోడేస్తుంది. అర్ధరాత్రి ఎవరూ కుళాయి ముట్టుకోకుండానే పంపు "టక్ టక్" మని రెండు క్షణాలు మోగి ఆగిందంటే పడుకోకండి, లేచి స్విచ్ తీసేసి కారేచోటు వెతకండి. బిల్జ్‌లో నీళ్లు కనిపిస్తే వేలు ముంచి నాలుకకు రాయండి. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోంది, చప్పగా ఉంటే మీ మంచినీళ్లు కారుతున్నాయి.

ఎంత మిగిలిందో ఎలా తెలుసుకోవాలి?

ఎలక్ట్రానిక్ మీటర్లను నమ్ముకోవద్దు. ట్యాంకు పక్కన నిలువుగా ఒక పారదర్శకమైన గొట్టం, దానిపక్కన లీటర్ల గీతలు. ఇది కుదరకపోతే గీతలు పెట్టిన పుల్ల. ట్యాంకు వాలుగా ఉంటే సగం ఎత్తు అంటే సగం నీళ్లు కాదు కాబట్టి, ఖాళీ ట్యాంకులో పదేసి లీటర్లు పోసుకుంటూ గీతలు మీరే గీసుకోండి.

రోజూ ఒకే సమయానికి, పడవ కాస్త నిలకడగా ఉన్నప్పుడు చూసి లాగ్‌బుక్‌లో రాయండి: ఇవాళ ఎంత పోయింది, ఎంత ఉంది, ఇదే వాడకంతో ఎన్నాళ్లు. ఇంకో తేలిక పద్ధతి, పొద్దున్నే ఆ రోజు వాటాను ఒక క్యాన్‌లోకి తీసి పెట్టుకోవడం. సాయంత్రానికి క్యాన్ చూస్తే అందరికీ లెక్క తెలిసిపోతుంది, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, గొడవలూ ఉండవు.

వాన నీళ్లు పట్టుకోవచ్చు కదా?

తప్పకుండా పట్టుకోండి, కానీ వాటిని లెక్కలో వేసుకోకండి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 4 చదరపు మీటర్ల గుడ్డ మీద 10 మిల్లీమీటర్లు పడితే 40 లీటర్లు రావాలి, గాలికి గుడ్డ కొట్టుకుంటుంటే సగం దక్కినా సంతోషమే. మధ్యలో పల్లం ఉండి అక్కడినుంచి గొట్టం దిగే గుడ్డ ఒకటి ముందే కుట్టించుకోండి, జల్లు మొదలయ్యాక బకెట్టు కోసం వెతుక్కుంటే అది కాస్తా దాటిపోతుంది. మొదటి నీళ్లతో గుడ్డ మీది ఉప్పు, పక్షుల రెట్టలు కడిగి పోనివ్వండి, వేలితో రుచి చూసి ఉప్పు తగలనప్పుడే పట్టండి. వాన నీళ్లలో క్లోరిన్ ఉండదు, నిల్వ చేసేముందు పైన చెప్పిన మోతాదు కలపండి, వేరే క్యాన్లలోనే ఉంచండి.

వాటర్‌మేకర్ ఉంటే ట్యాంకు తగ్గించుకోవచ్చా?

తగ్గించకండి. అది సముద్రపు నీళ్లను 55 బార్ల పైచిలుకు ఒత్తిడితో సన్నని పొరలోంచి తోసి మంచినీళ్లు చేసే యంత్రం. పంపు, సీళ్లు, బ్యాటరీ, పొర, వీటిల్లో ఏది మొరాయించినా ఆగిపోతుంది. రేవుల్లోని నూనె పొరను పాడుచేస్తుంది, క్లోరిన్ కూడా పాడుచేస్తుంది, కాబట్టి మంచినీళ్లతో కడిగేటప్పుడు క్లోరిన్ తీసేసిన నీళ్లే వాడాలి. అది హాయి కోసం, స్నానానికీ బట్టలకూ. ఒడ్డు చేరడానికి కావలసిన నీళ్లు బయల్దేరేనాటికే పడవలో ఉండాలి.

సముద్రపు నీళ్లు దేనికి వాడొచ్చు? కొంచెం తాగితే ఏమవుతుంది?

గిన్నెలు తోమడం, ఒళ్లు కడుక్కోవడం, డెక్ కడగడం, అన్నీ వాటితోనే. ఆఖర్న ఒక మగ్గు మంచినీళ్లు చాలు. తీరానికి దూరంగా, నీళ్లు శుభ్రంగా ఉన్నచోట, ఉడకబెట్టే వంటకు మూడు నాలుగు వంతుల మంచినీళ్లకు ఒక వంతు సముద్రపు నీళ్లు కలిపితే ఉప్పు కూడా సరిపోతుంది.

తాగడం మాత్రం కొంచెమైనా వద్దు. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. మన మూత్రపిండాలు అంత చిక్కటి ఉప్పును బయటికి పంపలేవు, అది పోవడానికి తాగినదానికన్నా ఎక్కువ నీళ్లు ఒంట్లోంచి తీసుకుంటాయి. అంటే తాగినకొద్దీ ఎండిపోతారు.

అత్యవసరానికి విడిగా ఎంత ఉండాలి?

ఓడల లైఫ్‌రాఫ్టుల్లో (ఓడ మునిగితే ఎక్కే తెప్పల్లో) అంతర్జాతీయ నియమాల ప్రకారం మనిషికి 1.5 లీటర్ల నీళ్లు పెడతారు. చిన్న రాఫ్టుల్లో అంతకూడా ఉండకపోవచ్చు, మీ రాఫ్టులో ఏముందో కాగితం చూసి తెలుసుకోండి. బయటికి దూకేటప్పుడు పట్టుకుపోయే సంచి పక్కనే రెండు క్యాన్లు తాడు కట్టి సిద్ధంగా ఉంచండి. చేత్తో పంపు కొట్టే చిన్న వాటర్‌మేకర్ గంటకు లీటరు లోపే ఇస్తుంది, ఖరీదెక్కువ, అయినా సముద్రం దాటేవాళ్లు కొనదగిన వస్తువే. 1982లో స్టీవెన్ కల్లహాన్ అనే అమెరికన్ నావికుడు తన పడవ మునిగాక అట్లాంటిక్‌లో 76 రోజులు రాఫ్టు మీద బతికి బయటపడ్డాడు, ఆయన్ని నిలబెట్టినవాటిలో ఎండతో నీళ్లు తీసే సోలార్ స్టిల్స్ ముఖ్యమైనవి. వాటిని పనిచేయించడానికి ఆయన పడ్డ పాట్లు తెలిస్తే రెండు క్యాన్ల విలువ అర్థమవుతుంది.

నీళ్లు తక్కువ పడేలా ఉంటే ఎప్పటినుంచి పొదుపు చేయాలి?

లెక్క తేడా కనపడిన రోజు నుంచే. ముందు వంటకు, కడగడానికి వాడేవి తగ్గించండి, తాగేవి ఆఖర్న. మధ్యాహ్నం ఎండలో పనులు మానేసి తెల్లవారుజామున, సాయంత్రం చేసుకోండి, నీడ కట్టండి, బట్టలు సముద్రపు నీళ్లతో తడుపుకోండి. మూత్రం ముదురు రంగులోకి మారిందంటే ఆ మనిషికి నీళ్లు చాలట్లేదు. వాంతులైనవాళ్లకు లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా పట్టండి. వాళ్ల విషయంలో పొదుపు చూడొద్దు. ఇంకా రేడియోలో దగ్గరున్న ఓడకు చెప్పడానికి మొహమాటపడకండి, ఆఖరి క్యాన్ తెరిచేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

తిరిగొచ్చాక ట్యాంకులు ఖాళీ చేయాలా?

నెల దాటి పడవను వదిలేస్తుంటే ఖాళీ చేసి, తుడిచి, మూత తెరిచి ఆరనివ్వండి, పురుగులు దూరకుండా సన్నని వల కట్టండి. వారం రెండు వారాల్లో మళ్లీ వెళ్తుంటే నిండుగా ఉంచడమే మేలు. క్యాన్లు మాత్రం ఎప్పుడైనా బోర్లించి, మూతలు పక్కన పెట్టి, నీడలో ఆరబెట్టండి.